ఆరు కుటుంబాలు సంతకం పెట్టిన క్షమాపణ

ఆరేళ్ళ పిల్ల ఒక గోల్ కొడితే మామూలు ఇళ్ళలో ఏం చేస్తారు? ఐస్‌క్రీమ్ కొనిపెడతారు. మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను, వినండి. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో ఆరు తెలుగు ఇళ్ళలో టీవీలు ఆగిపోయాయి. ఐదుగురు మగవాళ్ళు నన్ను చూస్తే రోడ్డుకు అవతలి వైపు నడవడం మొదలుపెట్టారు. నేనేమో స్కూల్లో టీచర్ ముందు నిలబడి, నా కన్నకూతురు తోటిపిల్లల గొంతులు కోస్తానని బెదిరిస్తోందని కాగితం మీద రాసి ఇచ్చాను. నన్ను ఎవరూ అడగలేదు. అయినా ఇచ్చాను. రెండు కాపీలు.

ఇంత ఘనకార్యం ఎలా చేయగలిగానో అర్థం కావాలంటే ముందు నా భయం సంగతి తెలియాలి. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒకావిడ నా చెవిలో వేసింది: "ఇక్కడ పిల్లల విషయంలో కాస్త తేడా వచ్చినా, వచ్చి తీసుకుపోతారు." బ్రాక్‌నెల్‌లో ఎవరి పిల్లనో అలాగే తీసుకుపోయారట. ఎవరి పిల్ల అంటే ఆవిడకు తెలియదు. ఆవిడకు ఇల్ఫర్డ్‌లో ఉండే ఇంకొకావిడ చెప్పింది, ఆవిడకు బస్సులో ఎవరో చెప్పారు. నాకు ఆ ఆధారం చాలు. అప్పటి నుంచి కౌన్సిల్ వాళ్ళు చెత్తబుట్టల గురించి ఉత్తరం పంపినా సరే, కవరు చించడానికి ముందు మా అమ్మాయి ఆద్య గదిలోకి వెళ్ళి పిల్ల ఉందో లేదో చూసి వచ్చేదాన్ని.

ఒకసారి పిల్లకు జలుబు చేస్తే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాను. అంతకు ముందు రోజే అది కాలితో తోసే స్కూటర్ మీంచి పడి మోకాలు గీరుకుంది. డాక్టర్ నోరు తెరవక ముందే, "నేను కొట్టలేదండీ, స్కూటర్" అన్నాను. ఆయన అప్పుడు దాని ముక్కులోకి లైటు వేసి చూస్తున్నాడు. స్కూటర్ అందులోకి ఎలా వెళ్ళిందా అన్నట్టు ఇంకోసారి చూశాడు.

"నువ్వు భయపడినందుకు ఎవరైనా జీతం ఇస్తే, ఈపాటికి నాకంటే పై పోస్టులో ఉండేదానివి స్వాతీ" అనేవాడు మా ఆయన మురళి.

భయానికి నా దగ్గర మందులు కూడా ఉండేవి, కానీ ఈ దేశం వాటిని పడనివ్వలేదు. మొదటి నెలలో పిల్లకు దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యి మీద వేస్తే స్మోక్ అలారం మోగింది. కింది ఫ్లాట్‌లో ఉండే ముసలాయన చెప్పులు కూడా లేకుండా కారు పార్కులో నిలబడ్డాడు. ఇక ఆ రోజుతో మిరపకాయలకు సెలవు. సరే, ఆ సంగతి అలా ఉంచండి. మనం గోల్ దగ్గరకు వెళ్ళాలి.

గోల్ కంటే ముందు ఒక ఆదివారం ఉంది. ఆ రోజు ప్రసాద్ గారింట్లో అందరం క్రికెట్ మ్యాచ్ చూస్తున్నాం. ప్రసాద్ గారిది భీమవరం. ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీలో పని. పిల్లలు ఎనిమిది మంది కార్పెట్ మీద కూర్చుని పెరుగన్నం తింటున్నారు. బౌలర్ వికెట్ తీశాడు. తీసినవాడు ఊరికే ఉన్నాడా? బ్యాట్స్‌మన్ మొహంలోకి వెళ్ళి, బొటనవేలితో గొంతు అడ్డంగా కోసినట్టు చూపించి, పక్కకు తిరిగి ఉమ్మి, పెవిలియన్ వైపు దారి చూపించాడు. మరుక్షణం మా కార్పెట్ మీద ఎనిమిది బొటనవేళ్ళు ఎనిమిది గొంతుల మీద కదిలాయి. అందరికంటే చిన్నవాడు, మూడేళ్ళ వాడు, చెంచాతో కోసుకున్నాడు.

"చూశారా ప్రసాద్ గారూ, పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో!" అన్నాను.

"ఏం నేర్చుకున్నారమ్మా? వికెట్ తీసినోడు సంబరం చేసుకోవద్దంటారా? బ్యాంకులో డబ్బులు కట్టినట్టు లైన్లో నిలబడాలా ఏంటి? మేం చిన్నప్పుడు ఇంతకంటే గోల చేసేవాళ్ళం. చెడిపోయామా?"

వంటింట్లోంచి ఆయన భార్య లావణ్య గొంతు వినిపించింది: "ఆ ప్రశ్న నన్నడగండి."

సోఫాలో ఒక చివర కూర్చున్న నర్సింగన్నది కరీంనగర్. ఆయన బిర్యానీ ప్లేటు కింద పెట్టాడంటే విషయం తీవ్రమైనదని అర్థం. పెట్టాడు.

"గట్ల కాదు ప్రసాదన్నా. పోరగాండ్లు సూసిందే జేస్తరు. మా పోరడు మొన్న బడిల చెస్సు గెల్సి, అంగీ ఇప్పి గిరగిర తిప్పిండు. చెస్సుల!"

"అది హుషారన్నా!"

"ఏం హుషారు? ఎదురుంగ కూసున్నది వాళ్ళ టీచరమ్మ."

నాకు ఇంకాస్త బలం వచ్చింది. "ఇవే వేషాలు రేపు స్కూల్లో వేశారనుకోండి. ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతుంది?"

"తీసుకుపోతారు!"

"ఎవర్ని?"

"పిల్లల్ని!"

"ఎవరమ్మా తీసుకుపోయేది?"

"వాళ్ళు!"

ప్రసాద్ గారు మ్యాచ్ వైపు తిరిగారు. "మా వాణ్ణి ఒక వారం తీసుకుపోమనండి. ఆదివారం సాయంత్రం దింపేస్తే చాలు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వినవాళ్ళందరి మొహాలు గుర్తుపెట్టుకున్నాను.

బుధవారం వచ్చింది. ఆద్యకు బుధవారాలు బడి అయ్యాక ఫుట్‌బాల్ క్లబ్. గేటు దగ్గర దాని టీచర్ మిసెస్ టర్నర్ నా కోసమే నిలబడి ఉంది. టీచర్ మన కోసం నిలబడటం నాకు ఎప్పుడూ మంచి శకునం కాదు.

"ఒక చిన్న మాట" అంది ఇంగ్లీషులో. "ఆద్య ఇవాళ గోల్ కొట్టింది! చాలా బాగా ఆడింది. గోల్ తర్వాత తను ఒక సంబరం చేస్తుంది కదా, దాని గురించి మీతో మాట్లాడాలి. అందులో కాస్త ఉమ్మడం ఉంది, తల దగ్గర చేతులతో ఏదో చేస్తుంది. ఇప్పుడు క్లాసంతా అదే పని. కంగారేం లేదు. శుక్రవారం ఒకసారి వస్తారా?"

కంగారేం లేదట! ఇల్లు కాలిపోతుంటే కాస్త వెచ్చగా ఉందనే జనం వీళ్ళు. వీళ్ళు కంగారు లేదన్నారంటే నా లెక్కలో పిల్ల బట్టలు సర్దుకోమన్నట్టే. ఉమ్మడం, తల దగ్గర చేతులు. నా కళ్ళ ముందు ఆ బౌలర్ నిలబడ్డాడు. బొటనవేలితో సహా.

బుర్ర ఉన్న మనిషి ఎవరైనా ఆ నిమిషంలో ఒక ప్రశ్న అడుగుతారు: "ఇంతకీ ఏం చేస్తుందండీ?" అంతే. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథే లేదు. నేనేమన్నానో తెలుసా?

"నాకంతా తెలుసు. చాలా సిగ్గుగా ఉంది. మేము చర్యలు తీసుకుంటాం."

"లేదు లేదు, అది నిజానికి—"

"గట్టి చర్యలు!" అని పిల్లను రెక్క పట్టుకోబోయి, రెక్క పట్టుకోవడం కూడా ఎవరైనా చూస్తారని గుర్తొచ్చి, దాని బ్యాగు పట్టుకుని లాక్కెళ్ళాను.

ఇంటికి రాగానే ఆద్యను సోఫాలో కూర్చోబెట్టాను.

"గోల్ కొట్టాక నువ్వు చేస్తున్నావే, అది ఇంకెప్పుడూ చేయకూడదు."

"వై? ఎవ్రీవన్ లైక్స్ ఇట్."

"అందరికీ నచ్చినా సరే. అది చెడ్డవాళ్ళు చేసే పని."

దాని కళ్ళు గుండ్రంగా అయ్యాయి. "బ్యాడ్ పీపుల్ డూ ఇట్?"

"చాలా చెడ్డవాళ్ళు."

"హౌ బ్యాడ్?"

"పోలీసులు పట్టుకుపోయేంత."

అది నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. మళ్ళీ కాళ్ళ నుంచి తల దాకా చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత సోఫా మీద నా వైపు జరిగి, నా చెయ్యి పట్టుకుని, గుసగుసగా అంది: "ఇట్స్ ఓకే, మమ్మీ. ఐ వోంట్ టెల్ ఎనీవన్."

పిల్ల దారిలోకి వచ్చిందనుకుని ముద్దు పెట్టుకున్నాను. తర్వాత అరగంట సేపు హాల్లో ప్రాక్టీసు. నేను "గోల్!" అని అరవడం, అది వచ్చి మొహం సీరియస్‌గా పెట్టుకుని నాతో షేక్‌హ్యాండ్ చేయడం. ఇద్దరు బ్యాంకు మేనేజర్లు కలిసినట్టుంది. నాకెంతో తృప్తి కలిగింది.

గురువారం నాకు ఇంకో ఆలోచన వచ్చింది. వాళ్ళు అడిగేలోపే మనమే తప్పు ఒప్పుకుంటే? నిజాయితీ చూసి వదిలేస్తారు కదా? ఒక్కదాన్నే ఒప్పుకుంటే బలం చాలదు. అందరం కలిసి ఒప్పుకోవాలి. కూర్చుని ఉత్తరం రాశాను. డిగ్రీ చదువు దేనికైనా పనికొచ్చిందంటే ఆ ఉత్తరానికే. సారాంశం ఇది: "మా కుమార్తె చేసిన ఆ అసహ్యమైన సంజ్ఞకు అర్థం 'నీ గొంతు కోస్తాను' అని. మా ఇంట్లో ఎవరూ అలాంటి పని చేయరు. టీవీలో ఆటగాళ్ళను చూసి నేర్చుకుంది. ఇకపై మా ఆరు కుటుంబాలు పిల్లల ముందు మ్యాచ్‌లు చూడబోమని హామీ ఇస్తున్నాం."

మురళి చదివి తల గీరుకున్నాడు. "గొంతు కోయడం గురించి అంత వివరంగా రాయాలా?"

"దాచిపెడితే అనుమానం వస్తుందండీ."

"నువ్వు రాస్తేనే వస్తుందేమో."

నేను వినలేదు. సంతకాల కోసం బయలుదేరాను. ప్రసాద్ గారు గుమ్మంలోనే చదివారు.

"సరేనమ్మా, సంతకం పెడతాను. ఆదివారం మాత్రం మ్యాచ్ ఉంటుందిగా?"

"లేదు."

"ఫైనల్ అమ్మా!"

"మీకు పిల్లలు కావాలా, ఫైనల్ కావాలా?"

ఆయన ఒకసారి లోపలి టీవీ వైపు, ఒకసారి పిల్లల వైపు చూశారు. వెనక నుంచి లావణ్య వీపు మీద పొడిచింది. సంతకం పడింది. నర్సింగన్న మాత్రం రెండు కాపీల మీదా చకచకా పెట్టేశాడు. "నేను జెప్తనే ఉన్న గదా సెల్లే, సూసిందే జేస్తరని." రాత్రి ఏడింటికల్లా ఆరు సంతకాలు పూర్తయ్యాయి.

శుక్రవారం. మురళి సెలవు పెట్టి నాతో వచ్చాడు. బడి ఆఫీసు పక్క గదిలో, చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. మిసెస్ టర్నర్ నవ్వుతూ ఏదో మొదలుపెట్టబోయింది. నేను లేచి నిలబడి ఉత్తరం చదివేశాను. మొదటి వాక్యానికి ఆవిడ నవ్వు ఆగింది. గొంతు కోయడం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చేతిలో కాఫీ కప్పు మెల్లగా బల్ల మీదికి దిగింది.

"ఆ చేతుల సంజ్ఞకు... అదా అర్థం?"

"అదే" అన్నాను, నిజాయితీగా.

"ఆద్యకు ఆ అర్థం తెలుసా?"

"ఇప్పుడు తెలుసు. నేను చెప్పాను."

ఆవిడ లేచింది. "ఒక్క నిమిషం. మిసెస్ హేల్‌ను పిలుస్తాను. మా హెడ్‌టీచర్. ఇక్కడ సేఫ్‌గార్డింగ్ కూడా ఆవిడే చూస్తారు."

సేఫ్‌గార్డింగ్! పిల్లలకు ఇంట్లో ఏమైనా హాని జరుగుతోందా అని చూసే పని. ఇన్నేళ్ళుగా నేను "వాళ్ళు" అంటున్నానే, వాళ్ళకు పేరు, ఊరు, ఒక గది కూడా ఉన్నాయన్నమాట. బస్సులో ఎవరో ఎవరికో నా కథ చెబుతున్నట్టే వినిపించింది: బేసింగ్‌స్టోక్‌లో ఒకావిడ ఉండేదట.

"ఏమండీ, తీసుకుపోతారు" అన్నాను.

మురళి మొదటిసారి నవ్వలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

మిసెస్ హేల్ వచ్చింది. పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, చేతిలో నోట్‌బుక్కు పట్టుకుని. మిసెస్ టర్నర్ వెళ్ళి ఆద్యను క్లాసులోంచి తీసుకొచ్చింది. మిసెస్ హేల్ వంగి, మెత్తగా అడిగింది: "ఆద్యా, గోల్ కొట్టాక నువ్వేం చేస్తావో మాకు చూపిస్తావా?"

ఆద్య నా వైపు చూసింది. పెదవులు బిగించింది. "నో."

"ఎందుకమ్మా?"

"బికాజ్ ద పోలీస్ విల్ టేక్ మమ్మీ."

మిసెస్ హేల్ నోట్‌బుక్కు తెరిచింది.

"మమ్మీ ఏం చేసింది?"

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు రోజులుగా మోస్తున్న రహస్యం కదా, ఇక ఆగలేదు. "షీ డజ్ ఇట్ ఎవ్రీ సండే. ఇన్ ద కిచెన్. విత్ సాల్ట్."

"ఎవరికి చేస్తుంది?"

"టు మీ. అండ్ డాడీ." ఒక్క వెక్కు. "అండ్ వన్స్ టు ద కార్."

పక్కన మురళి తల పూర్తిగా వంచేశాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు.

ఉప్పు. ప్రతి ఆదివారం. ఒకసారి కారుకు, కొన్న రోజున. మెల్లమెల్లగా, ఐసు నీళ్ళు వీపు మీంచి దిగినట్టు, నాకు అర్థమైంది. చెప్పాను కదా, మిరపకాయలకు సెలవిచ్చానని. ఉప్పుకు ఇవ్వలేదు. గుప్పెట్లో ఉప్పు పట్టుకుని తల చుట్టూ మూడుసార్లు తిప్పడం, ఆ గుప్పెట్లోకి మూడుసార్లు "థూ" అనిపించడం, సింకులో కడిగేయడం, చివరికి పిల్ల బుగ్గలు నిమిరి నా కణతల దగ్గర మెటికలు విరవడం. వారం వారం తప్పకుండా. ఏ బౌలర్ మా ఇంటికి అంత క్రమంగా వచ్చాడు?

"దిష్టి!" అని అరిచాను. నలుగురూ ఉలిక్కిపడ్డారు.

ఇంగ్లీషులో దానికి మాట తెలియలేదు. ఎవరి చెడ్డ చూపూ తగలకుండా, అని ఏదో మొదలుపెట్టాను. మిసెస్ హేల్ కలం ఇంకా కాగితం మీదే ఉంది. ఇక మాటలతో లాభం లేదనుకుని, కెటిల్ పక్కనున్న పంచదార పొట్లాలు రెండు చించి గుప్పెట్లో పోసుకున్నాను. హెడ్‌టీచర్ ముందు నిలబడ్డాను. కంగారులో పంచదార కొంత ఆవిడ భుజం మీద పడింది. ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." గుప్పిట ఆవిడ నోటి ముందు పెట్టాను.

"ఇప్పుడు మీరు ఉమ్మాలి."

"క్షమించండి?"

"ఊరికే. థూ, థూ, థూ."

ఆవిడ మిసెస్ టర్నర్ వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత టీ మీద ఊదినంత మర్యాదగా, "థు" అంది. మూడుసార్లు. నేను పంచదార బల్ల మీద పోసి, ఆవిడ బుగ్గలు నిమిరి, నా కణతల దగ్గర మెటికలు విరిచాను. పదీ విరిగాయి. ఆవిడకు దిష్టి మామూలుగా లేదు.

"అదే!" అని మిసెస్ టర్నర్ లేచి నిలబడింది. "అచ్చం అదే! ఆద్య గడ్డితో చేస్తుంది. గోల్ కొట్టినవాళ్ళకే కాదు, గోల్ ఆపలేకపోయిన అవతలి టీమ్ గోల్‌కీపర్‌కు కూడా. పిల్లలు దాని ముందు లైన్ కడుతున్నారు. అదేంటో కనుక్కుందామని, జలుబుల కాలం కదా, ఉమ్మకుండా చేయొచ్చా అని అడుగుదామని పిలిచాను. అంతే."

అంతే!

మిసెస్ హేల్ నోట్‌బుక్కు మూసింది. ఆద్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది: "మమ్మీని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరు. సరేనా? నువ్వు అందరికీ ఇది ఎందుకు చేస్తావు?"

ఆద్య ముక్కు తుడుచుకుంది. "సో దే ఆరెంట్ స్కేర్డ్. మమ్మీ ఈజ్ స్కేర్డ్ ఆల్ ద టైమ్. వెన్ షీ డజ్ ఇట్, షీ స్టాప్స్. ఫర్ అ బిట్."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. నేను అరచేతికి అంటుకున్న పంచదార వైపు చూస్తూ నిలబడ్డాను. అంతకంటే ఎక్కడ చూడాలో తెలియలేదు.

బయలుదేరుతుంటే మిసెస్ హేల్ నా ఉత్తరం నాకే తిరిగి ఇచ్చింది. రెండో కాపీ కూడా అడిగి తీసుకున్నాను. తలుపు దగ్గర ఆవిడ కాస్త తటపటాయించింది. "వచ్చే వారం మాకు ఇన్‌స్పెక్షన్ ఉంది. ఇది... బిల్డింగులకు కూడా చేస్తారా?"

మిగతా ఐదు గుమ్మాలూ ఎక్కి జరిగింది చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రసాద్ గారు పూర్తిగా విని, చేతులు కట్టుకుని అన్నారు: "అయితే అమ్మా, ఆ బౌలర్‌కు క్షమాపణ ఉత్తరం ఎవరు రాస్తారు? రెండు కాపీలు కావాలి." నర్సింగన్న మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. "నేను జెప్పలే? సూసిందే జేస్తరు" అని బిర్యానీ ప్లేటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఫైనల్ చూశారు. మా ఇంట్లోనే, శిక్షగా. ఇరవై మందికి వండాను.

తర్వాతి బుధవారం ఆద్య మళ్ళీ గోల్ కొట్టింది. నేను మైదానం గీత అవతల నిలబడి, షేక్‌హ్యాండ్ చేస్తుందేమోనని చూస్తున్నాను. అది ఎవరి దగ్గరకూ వెళ్ళలేదు. వంగి గుప్పెడు గడ్డి పీకి, నేరుగా నా వైపు పరిగెత్తుకొచ్చింది. "బెండ్ డౌన్, మమ్మీ." వంగాను. అంతమంది ఇంగ్లీషు తల్లుల ముందు, నా తల చుట్టూ తడిగడ్డి మూడుసార్లు తిరిగింది. థూ థూ థూ అన్నాను. దాని మెటికలు ఇంకా చిన్నవి, విరగవు. నోటితోనే "టిక్" అంది.

కాబట్టి నా జుట్టులోని గడ్డిపరక సాక్షిగా, వంటింటి ఉప్పు డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా "ఒక చిన్న మాట" అంటే, నోరు మూసుకుని ముందు ఆ మాట వింటాను. ఎవరూ అడగని నేరం ఒప్పుకోను. ఒప్పుకున్నా, ఒక్క కాపీయే ఇస్తాను.